ఆక్సీమీటర్‌ను బీరువాలో పెట్టాక

మొదటిసారి వచ్చినప్పుడు గ్యాస్ అనుకున్నాను. రెండోసారి గుండె అనుకున్నాను. మూడోసారికి ఈసీజీ, టూడీ ఎకో, ట్రోపోనిన్, గుండె పరీక్షలన్నీ అయ్యాయి. ఫైలు లావెక్కింది గానీ జబ్బు పేరు ఎవరూ చెప్పలేదు. "ఏమీ లేదు, టెన్షన్ పడకండి" అన్నారంతే. ఏమీ లేకపోతే మరి అర్ధరాత్రి ముచ్చెమటలు పోసి, గుండె గొంతులోకి వచ్చినట్టు కొట్టుకోవడం ఏమిటి? ఆ ప్రశ్నతో ఇంటికొచ్చిన మనిషికి నిద్ర ఎక్కడిది?

పేరు తర్వాత సైకియాట్రిస్టు చెప్పారు, ప్యానిక్ డిజార్డర్ అని. అప్పటికి ఏడాదిగా ఇంటి లోను కిస్తీలు, నాన్నకు వారానికి మూడుసార్లు డయాలసిస్, ఆఫీసులో నెలాఖరు టార్గెట్లు నడుస్తున్నాయి. ఒత్తిడి జబ్బును మొదలుపెట్టింది నిజమే. కానీ దాన్ని ఎనిమిది నెలలు సాకింది మాత్రం ధైర్యం కోసం నేను చేసుకున్న ఏర్పాట్లే.

ప్యానిక్ అటాక్ గురించి ముందు తెలియాల్సింది దాని ఆయుష్షు. ఉన్నట్టుండి మొదలై సాధారణంగా పది నిమిషాల్లోపు తారస్థాయికి చేరుతుంది, ఇరవై ముప్పై నిమిషాల్లో దిగిపోతుంది. గాలి ఆడనట్టు అనిపిస్తుంది గానీ జరిగేది దానికి తలకిందులు. కంగారులో అవసరానికి మించి ఊపిరి తీసేస్తాం. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది. దాంతో వేళ్ళకూ, పెదవుల చుట్టూ తిమ్మిర్లు వస్తాయి, తల తేలిపోతుంది. పక్కనున్నవాళ్ళు "గట్టిగా గాలి పీల్చు" అంటే మంచికే అంటారు, కానీ దానితో తిమ్మిర్లు ఇంకా పెరుగుతాయి. సాయపడేది నిదానంగా వదిలే ఊపిరి. ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెడుతూ తీసుకోవడం, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలడం, ఛాతీ కాకుండా పొట్ట కదిలేలా. నిమిషానికి ఆరు ఊపిర్లు పడతాయి. అటాక్ లేనప్పుడు రోజూ పొద్దున, సాయంత్రం ఐదేసి నిమిషాలు చేసి అలవాటు చేసుకోకపోతే అటాక్‌లో చేతికి రాదు. కాగితం కవర్‌లోకి ఊపిరి వదిలే పాత చిట్కా మాత్రం వద్దు. అది ఉబ్బసమో గుండెపోటో అయితే ప్రమాదం.

అన్నట్టు, మొదటిసారి వచ్చినప్పుడు ఇది ప్యానిక్కే అని ఎవరికి వారు తేల్చేసుకోకూడదు. ఛాతీ మీద బరువు పెట్టినట్టుండి నొప్పి ఎడమ చేతికో దవడకో పాకినా, మెట్లెక్కితే పెరిగినా 108కి ఫోన్ చేయాల్సిందే. థైరాయిడ్ ఎక్కువైనా ఇదే దడ, ఇదే వణుకు. అందుకే నాకు థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, ఇంకా హిమోగ్లోబిన్, షుగరు చూశారు. ఆ పరీక్షలు ఒకసారి చేయించుకోవడం జాగ్రత్త. నాలుగోసారి చేయించుకోవడం జబ్బు.

ఇక నా ఏర్పాట్ల సంగతి. 2021లో కోవిడ్ రెండో వేవ్‌లో కొన్న ఆక్సీమీటర్, రక్తంలో ఆక్సిజన్‌నూ పల్స్‌నూ చూపేది, జేబులో ఉండేది. రోజుకు ముప్పై నలభైసార్లు వేలికి పెట్టుకునేవాణ్ణి. బీపీ మిషన్ మంచం పక్కనే. చేతిలో నీళ్ళ సీసా. సినిమా హాల్లో తలుపు దగ్గరి సీటు. లిఫ్టు మానేసి నాలుగంతస్తుల మెట్లు. పర్సులో నిద్రమాత్ర. వీటిలో ఏదీ తప్పుగా కనిపించదు, అదే చిక్కు. అటాక్ తనంతట తాను దిగిపోతుంది, పేరు మాత్రం జేబులోని మాత్రకు పోతుంది. "అది ఉంది కాబట్టి బతికాను" అని మెదడు రాసుకుంటుంది. లేకపోయినా దిగిపోయేదని నేర్చుకునే అవకాశమే ఉండదు. పైగా పల్స్ 96 చూసి భయపడితే 110 అవుతుంది, 110 చూస్తే 125.

సైకాలజిస్టు వీటన్నిటినీ కాగితం మీద రాయించి, మానేస్తే ఎంత భయమో పదికి మార్కులు వేయించారు. తక్కువ మార్కుల దాని నుంచి మొదలుపెట్టాం. నీళ్ళ సీసాకు మూడు, ఆక్సీమీటర్‌కు ఏడు, లిఫ్టులో ఒంటరిగా వెళ్ళడానికి తొమ్మిది. ఆక్సీమీటర్‌ను ఒక్కరోజులో మానలేదు. మొదటివారం రోజుకు నాలుగుసార్లు, గడియారం చూసి. తర్వాతివారం ఒకసారి. ఆ తర్వాత బ్యాటరీలు తీసి బీరువాలో పెట్టాం. భయం వేసినప్పుడు కాకుండా టైముకే చూసుకోవడం అసలు కిటుకు.

రెండో పని ఇంకా వింతగా ఉంటుంది. కావాలనే ఆ లక్షణాలు తెప్పించుకోవడం. నిలబడ్డచోటే ఒక నిమిషం పరుగు, తిరిగే కుర్చీలో ఒక నిమిషం గిరగిరా తిరగడం, ముక్కు మూసుకుని సన్నని స్ట్రాతో ఒక నిమిషం ఊపిరి. దడ వస్తుంది, తల తిరుగుతుంది, ఏమీ కాదు. ప్రతిసారీ భయానికి మార్కు వేసి, అది సగానికి దిగేదాకా మళ్ళీ చేయాలి. రోజూ చేయాలి. ఎక్కడ చెడుతుందంటే, భయం పైకెక్కగానే మధ్యలో ఆపేస్తే పాఠం తిరగబడుతుంది. మనసు మళ్ళించుకుంటూ చేసినా ఫలితం ఉండదు. నేను లోపల హనుమాన్ చాలీసా చదువుకుంటూ చేసేవాణ్ణి. చాలీసా చదువుకోండి గానీ ఆ నిమిషంలో వద్దన్నారు సైకాలజిస్టు. ఉబ్బసం, గుండె జబ్బు, మూర్ఛ ఉన్నవాళ్ళు, గర్భిణులు డాక్టరును అడగకుండా ఇవి చేయకూడదు.

మందు ఎస్సిటాలోప్రామ్. ఐదు మిల్లీగ్రాములతో మొదలుపెట్టి వారం తర్వాత పదికి పెంచారు. ప్యానిక్ ఉన్నవాళ్ళకు తక్కువతో మొదలుపెడతారు, ఎందుకంటే మొదటి పది రోజులూ వికారం, కంగారు పెరగొచ్చు. సగంమంది మానేసేది ఇక్కడే అని నా అనుమానం. పనిచేయడం తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈలోపు ఆసరాగా ఇచ్చిన క్లోనజెపామ్ మూడు వారాలకు మించనివ్వలేదు. ఎప్పటికప్పుడు హాయినిచ్చే మందు కాబట్టే అది అలవాటుపడుతుంది. ఎస్సిటాలోప్రామ్‌ను బాగయ్యాక కూడా దాదాపు ఏడాది కొనసాగించి మెల్లగా తగ్గిస్తారు. ఒక్కసారిగా ఆపితే తలలో కరెంటు కొట్టినట్టుంటుంది. మోతాదు డాక్టరు చేతిలోది, నా చీటీ చూసి కొనుక్కోవద్దు.

నిద్రకు పాటించింది క్లుప్తంగా. పడుకోవడం పన్నెండుకు, లేవడం ఐదున్నరకు, ఆదివారమైనా అంతే. ఇరవై నిమిషాలైనా నిద్ర పట్టకపోతే మంచం దిగిపోవడం. మంచం మీద గడిపిన సమయంలో 85 శాతం నిద్రైతే పడుకునే వేళను పావుగంట ముందుకు జరపడం. మధ్యాహ్నం రెండు తర్వాత టీ లేదు, తాగిన కెఫీన్‌లో సగం దాదాపు ఐదు గంటల తర్వాత కూడా ఒంట్లో ఉంటుంది. మొదటి రెండు వారాలు పగలు కునికిపాట్లు వస్తాయి. ఆ రోజుల్లో బండి నడపలేదు.

ఇంట్లోవాళ్ళకూ పని ఉంది. అమ్మ ఎండుమిరపకాయలతో దిష్టి తీసేది, దానివల్ల నష్టమేమీ లేదు. కానీ నా భార్య నిమిషానికోసారి "ఏవండీ, ఇప్పుడెలా ఉంది?" అని అడగడం, నేను "నాకేం కాదు కదా?" అని అడగడం, ఇవీ ఆ ఏర్పాట్ల జాబితాలోవే. "తెలుసుగా, అరగంటలో దిగిపోతుంది" అని చెప్పి పక్కన కూర్చుంటే చాలన్నారు సైకాలజిస్టు.

లోను, డయాలసిస్ ఎక్కడికీ పోలేదు. వాటికోసం సాయంత్రం ఆరున్నర నుంచి ఇరవై నిమిషాలు, ఒక నోటు పుస్తకం. ఎడమవైపు చేయగలిగింది, తేదీతో: "మంగళవారం బ్యాంకుకెళ్ళి కిస్తీ కాలం పెంచమని అడగాలి." కుడివైపు చేయలేనిది. రాత్రి రెండింటికి వచ్చిన దిగులుకు ఒకే జవాబు, రేపు ఆరున్నరకు రమ్మని.

డబ్బు చూసుకునేవాళ్ళకు హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖలో ప్రభుత్వ మానసిక ఆసుపత్రులున్నాయి. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలిమానస్ 14416 ఉచితం, ఏ వేళైనా తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే అపాయింట్‌మెంటు కోసం ఆగకుండా ఆ నంబరుకే ఫోన్ చేయాలి, ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు.

ఈ వానాకాలంలో రెండుసార్లు మళ్ళీ వచ్చింది. జాబితా తీసి కింది నుంచి మళ్ళీ మొదలుపెట్టాను. లిఫ్టులో ఒంటరిగా వెళ్తున్నాను గానీ ఇప్పటికీ అలారం బటన్ పక్కనే నిలబడతాను. దానికి ఇంకా నాలుగు మార్కులున్నాయి.