ఐఎల్టీఎస్ స్పీకింగ్: మా ఊరి మనుషులతో నా ప్రాక్టీసు

యూకేలో నర్సుగా రిజిస్టర్ కావాలంటే అక్కడి నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్‌కి మనకు ఇంగ్లీషు వచ్చని రుజువు చూపించాలి. అందుకు నేను ఐఎల్టీఎస్ అకడమిక్ అనే ఇంగ్లీషు పరీక్ష ఎంచుకున్నాను. రీడింగ్, లిజనింగ్, స్పీకింగ్‌లలో 7, రైటింగ్‌లో 6.5, మొత్తం మీద 7 రావాలి. చదవడం, వినడం పర్వాలేదు. నాకు టెన్షనంతా స్పీకింగే. అందులోనూ "ఫలానా రకం మనిషి గురించి చెప్పండి" అనే కార్డులంటే మరీను.

స్పీకింగ్ టెస్టు 11 నుంచి 14 నిమిషాలు ఉంటుంది. మొదట మన గురించి, మన ఊరి గురించి మామూలు ప్రశ్నలు అడుగుతారు. రెండో భాగంలో ఒక కార్డు, కాగితం, పెన్సిలు ఇచ్చి ఆలోచించుకోడానికి ఒక్క నిమిషం ఇస్తారు. తర్వాత రెండు నిమిషాల దాకా మనమే మాట్లాడాలి, మధ్యలో అందించేవాళ్లుండరు. మూడో భాగంలో దానికి దగ్గరి విషయం మీదే చర్చ.

కోచింగ్‌లో మనుషుల గుణాలు చెప్పే ఇంగ్లీషు మాటలు చాంతాడంత లిస్టు ఇచ్చారు. గ్రెగేరియస్ (కలుపుగోలు), మెటిక్యులస్ (ప్రతి చిన్నదీ పట్టి చూసే), ఆల్ట్రూయిస్టిక్ (పరోపకారి), టాసిటర్న్ (ముభావం)... సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కి నరసాపురం వెళ్తూ వస్తూ అవన్నీ బట్టీ పట్టాను. అర్థం అడిగితే టకటకా చెప్పేదాన్ని. మనిషి గురించి చెప్పమంటే మాత్రం "హి ఈజ్ వెరీ గుడ్" దగ్గరే బండి ఆగిపోయేది. మాకు చెప్పే మేడమ్ ఒకరోజు విసుక్కున్నారు. "మాట ముందు పెట్టుకుని మనిషిని వెతుకుతున్నావమ్మా. మీ ఊళ్లో మనుషులే లేరా?" అన్నారు.

లేకేం! పంటు నిండా వాళ్లే. బైకులు, ఆటోలు ఎక్కించుకుని అది అవతలి ఒడ్డు చేరేదాకా ఎదుటివాళ్లను చూడ్డం తప్ప పనేం ఉంటుంది? పైగా మా గోదావరి వాళ్లకి ప్రతి మనిషికీ ఓ పేరు తగిలించందే తోచదు. ముక్కూమొహం తెలియనివాళ్లను కూడా "ఏ ఊరండీ మీది" అని పలకరించేవాడు కలుపుగోలు మనిషి. బండి దిగకుండానే పంటు ఎలా నడపాలో సలహాలిచ్చే కుర్రాడు ఆరిందా. ఎంత పలకరించినా "ఆయ్" అని ఊరుకునే ఆవిడ ముభావం. ఇలా ముందు తెలుగు మాట అనుకుని, ఆ పేరు రావడానికి వాళ్లు చేసిన పని ఇంగ్లీషులో ఒక వాక్యం చెప్పుకుని, చివర్లో లిస్టులోంచి మాట తగిలించడం మొదలుపెట్టాను. లోపల్లోపలే గొణుక్కునేదాన్ని కాబట్టి పక్కవాళ్లు నేను ఏ స్తోత్రమో చదువుకుంటున్నాననుకుని ఉంటారు.

ఇలా చేస్తుంటే లిస్టు సగానికి సగం తగ్గిపోయింది. మిగిలినవి జంటలుగా పెట్టుకున్నాను. పట్టుదల ఉన్నవాడు డిటర్మిన్డ్, అదే మనిషి మనకు నచ్చకపోతే మొండివాడు, స్టబర్న్. పొదుపరి అయితే థ్రిఫ్టీ, పిసినారి అయితే స్టింజీ. మెచ్చుకుంటున్నామా తిడుతున్నామా అన్నది మాటలోనే తెలిసిపోతుంది కాబట్టి ఇక్కడ తేడా వస్తే కొంప మునుగుతుంది. పెళ్లి సంబంధాల్లో "అమ్మాయి హోమ్లీ అండి" అని గొప్పగా చెప్పుకుంటాం కదా. అమెరికాలో మనిషిని ఆ మాటంటే చూడ్డానికి బాగోదని అర్థం!

మొహమాటం, వెటకారం దగ్గర చాలా కొట్టుకున్నాను. షై అంటే సిగ్గు, మొహమాటం కాదు. సర్కాస్టిక్ అంటే అందులో విషం ఉంటుంది, మా వెటకారంలో సగం ప్రేమే. మాట దొరక్కపోతే విడమరిచి చెప్పమన్నారు మేడమ్. అలా చెప్పగలగడం కూడా పదసంపద కింద మార్కులు తెచ్చేదే. అందుకని మొహమాటస్తుణ్ణి "కాదని చెప్పలేక తన పని మానుకుని మీ పని చేసిపెట్టే మనిషి" అని ఇంగ్లీషులో చెప్పడం నేర్చుకున్నాను. నన్నడిగితే లిస్టులో ఏ మాట కన్నా ఆ వాక్యమే బాగుంది.

పరీక్ష విజయవాడలో రాశాను. నాకొచ్చిన కార్డు పొరుగింటి మనిషి గురించి. మా పక్కింటి తాతగారికి కొబ్బరి తోట ఉంది. పెళ్లి శుభలేఖలు పారేయరు, వెనకవైపు కాయల లెక్క రాస్తారు. దింపు తీయించిన రోజు ఒక్క కాయ తక్కువైనా మళ్లీ మొదట్నుంచీ లెక్కపెడతారు. ఊళ్లో అందరూ పిసినారి అంటారు. చెట్టెక్కే కూలీ కూతురికి కాలేజీ ఫీజు కడుతున్నది కూడా ఆయనే, ఆ సంగతి ఎవరికీ చెప్పరు. ఆ నిమిషంలో కాగితం మీద "శుభలేఖ, లెక్క, ఫీజు" అని మూడే ముక్కలు రాసుకున్నాను. థ్రిఫ్టీ అని మొదలెట్టి, ఊరి వాళ్లు స్టింజీ అంటారని చెప్పి, కాదు జెనరస్ అని నిరూపించేసరికి ఎగ్జామినర్ ఇక చాలని చెయ్యెత్తారు. గ్రెగేరియస్ ఒక్కసారి కూడా వాడలేదు.

మూడో భాగంలో పట్నాల్లో ఇరుగుపొరుగు ఎందుకు పలకరించుకోరని అడిగారు. హైదరాబాద్‌లో హాస్టల్లో ఉన్నదాన్ని, దానికి మాటలకు లోటేముంది?

స్పీకింగ్‌లో 7 వచ్చింది, రైటింగ్ 6.5తో గట్టెక్కింది. ఇప్పుడు కౌన్సిల్ వాళ్ల కంప్యూటర్ పరీక్షకి చదువుతున్నాను. అందులో మనుషుల గురించి చెప్పక్కర్లేదు గానీ మందుల డోసుల లెక్కలున్నాయి. వాటికి పంటు మీద ఎవరూ పనికొచ్చేలా లేరు.