పుళల్ చెరువు పక్కన గుక్కెడు నీళ్లు

నెల్లూరు నుంచి చెన్నైకి కాలినడకన బయలుదేరిన నాకు ఎనిమిదో రోజు, అంటే చివరి రోజు, కారనోడై దగ్గర తెల్లవారింది. నాయుడుపేట, సూళ్లూరుపేట, తడ, గుమ్మిడిపూండి మీదుగా సాగిన మొదటి ఏడు రోజుల గురించి చెప్పవలసింది పెద్దగా లేదు. బస్సులో మనమందరం నిద్రపోయే దారే అది. దోమల గదికి తొమ్మిది వందలు పుచ్చుకున్న లాడ్జి వాళ్ల మీద కోపంతో ఐదున్నరకే బయటపడడం ఒక రకంగా మేలే చేసింది, ఎండ ఎక్కకముందే చోళవరం దాటగలిగాను.

ఎదురుగా వచ్చే బండ్లు కనిపించాలంటే రోడ్డుకు కుడి అంచునే నడవాలని మొదటి రోజే తెలుసుకున్నాను. అయితే పట్నం దగ్గరపడే కొద్దీ ఆ అంచు కూడా మనిషికి మిగలదు. ఎన్నూరు, కాట్టుపల్లి రేవుల కోసం తిరిగే కంటైనర్ లారీలు సర్వీసు రోడ్డు పొడుగునా నిలిచి ఉంటాయి. వాటిని చుట్టి వెళ్లాలంటే హైవే మీదికి దిగాలి, లేదా లారీకీ మురుగుకాలువకూ మధ్య జానెడు చోటులో పక్కవాటుగా జరగాలి. నేను రెండోదే ఎంచుకుని, ఒకచోట కాలు జారి, బూటు నిండా బురద నింపుకున్నాను. తడిసిన మేజోడు రాపిడికి అంతకుముందే ఉన్న మడమ పొక్కు పగిలింది.

రెడ్‌హిల్స్ చేరేసరికి సీసాలో చుక్క నీరు లేదు. అక్కడ వరుసగా మూడు దుకాణాల్లో నాకు వచ్చిన అరకొర తమిళంలో తాగడానికి నీళ్లడిగితే, ముగ్గురూ మాట్లాడకుండా ఇరవై రూపాయల సీసానే ముందుకు తోశారు. డబ్బులు లేక కాదు, పంతం కొద్దీ కొనలేదు. నాయుడుపేట దాకా ఏ ఇంటి ముందు నిలబడినా చెంబుతో నీళ్లు తెచ్చి, పైగా మజ్జిగ కావాలా అని అడిగినవాళ్లే ఎక్కువ. ఇక్కడ చూస్తే రోడ్డుకు పడమటగా 3,300 మిలియన్ ఘనపుటడుగులు పట్టే పుళల్ చెరువు ఉంది, నగరానికి తాగునీరిచ్చే చెరువు.

ఒక టీ కొట్టు బల్ల మీద కూర్చుని బూటు విప్పుతూ "అబ్బా, చచ్చాను రా దేవుడా" అన్నాను. లోపల వడలు వేస్తున్న పెద్దామె తలెత్తి, "ఏ ఊరు నాయనా మీది?" అని తెలుగులో అడిగింది. ఆ ప్రాంతంలో ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు తరాలుగా ఉన్నాయి, నేనే మరిచిపోయాను. నెల్లూరని చెప్పగానే స్టీలు గ్లాసు కడిగి, మూలనున్న ఇరవై లీటర్ల క్యాను వంచి నీళ్లు పట్టి ఇచ్చింది. గ్లాసు అంచున పసుపు వేలిముద్ర ఒకటి పడింది. శనగపిండి అంటిన చెయ్యి.

రెండో గ్లాసు తాగాక నాలో నెల్లూరు అభిమానం మేల్కొంది. ఆ చెరువులోకి వచ్చేది మా నీళ్లేనని, 1983లో ఎన్.టి.ఆర్., ఎం.జి.ఆర్. కాలంలో కుదిరిన ఒప్పందం ప్రకారం కృష్ణా జలాలు సోమశిల, కండలేరు జలాశయాల మీదుగా తమిళనాడులోని పూండి జలాశయానికి చేరి, అక్కడి నుంచి ఇక్కడికి వస్తాయని చిన్న ఉపన్యాసమే ఇచ్చాను. ఆమె వడ తిప్పుతూ అంతా విని, "మీ నీళ్లు ఆ కట్ట అవతల ఉండాయి నాయనా, నేను మాత్రం క్యానుకు నలభై ఇస్తా ఉండాను" అన్నది. నా దగ్గర జవాబు లేదు. రెండు వడలకూ టీకీ డబ్బు తీసుకుంది గాని నీళ్ల మాట ఎత్తనివ్వలేదు.

మాధవరం కూడలికి ఇంకా దూరముండగానే అక్కడి నుంచి బయలుదేరిన ఆంధ్రా బస్సులు నాకు ఎదురు రావడం మొదలుపెట్టాయి. ఒక కండక్టరు నా సంచి చూసి, వేగం తగ్గించిన బస్సు మెట్ల మీద వేలాడుతూ "నెల్లూరు, నెల్లూరు" అని పిలిచాడు. ఎక్కితే సుమారు నాలుగు గంటల్లో ఇల్లు. ఎనిమిది రోజుల కష్టాన్ని ఇంత సులువుగా కొట్టేయవచ్చునన్న ఆలోచన రాగానే, కోపమో నవ్వో తెలియని స్థితిలో చెయ్యి అడ్డంగా ఊపాను.

మూలకడై దగ్గర మెట్రో రైలు పనుల రేకులు కాలిబాటను మింగేశాయి. అక్కడి నుంచి పెరంబూరులో మా పిన్ని ఇల్లు చేరడానికి రోజంతటిలోకీ అధ్వాన్నమైన గంటన్నర పట్టింది. తలుపు తీసిన పిన్ని నా కాళ్ల వైపు చూసి, "బస్సు దొరకలేదంట్రా?" అని అడిగింది. జవాబు చెప్పకుండా మంచినీళ్లడిగాను. పొద్దున చేతిపంపులో కొట్టిన మెట్రో నీళ్లు (నగర నీటి సంస్థ వదిలేవి), కాచి చల్లార్చానంటూ బిందెలో నుంచి చెంబు ముంచి ఇచ్చింది. కొంచెం బ్లీచింగు వాసన వేసింది. ఇంకో చెంబు అడిగి తాగాను.