అలసిన రాళ్ళ దగ్గర ఒక రోజు

ఒయాంతాయ్‌తాంబో (పెరూ), మంగళవారం రాత్రి

పొద్దున మెలకువ వచ్చేసరికి కిటికీ కింద నీళ్ళు పారుతున్న చప్పుడు వినిపించింది. మేము దిగిన ఇల్లు ఊరి పాత పేటలో ఉంది. గోడల అడుగుభాగం, స్పెయిన్‌వాళ్ళు రాకముందు ఈ నేలను ఏలిన ఇంకాలు పేర్చిన రాయి, పైభాగం తరువాతి తరాలవారు కట్టిన మట్టి ఇటుక. వీధి అంచున ఉన్న రాతి కాలువలో కొండ నీళ్ళు ఇంకాల కాలంలో పారినట్టే ఇప్పటికీ పారుతున్నాయి. ఒకావిడ ఆ కాలువ పక్కన కూర్చుని బంగాళాదుంపలు కడుగుతుంటే అక్క చాలాసేపు అలాగే చూస్తూ నిలబడింది.

కోకా ఆకుల కషాయం తాగి, కొండకు తొలిచిన మెట్ల పొలాల పక్కనుంచి నెమ్మదిగా పైకెక్కాము. ఈ ఊరు 2,800 మీటర్ల ఎత్తున ఉండడం వల్ల పది మెట్లకొకసారి ఆగవలసి వచ్చింది. పైన, పూర్తికాని సూర్యాలయంలో, లేత గులాబీ రంగు రాళ్ళు ఆరు వరుసగా నిలబడి ఉన్నాయి. ఒక్కొక్కటి సుమారు నాలుగు మీటర్ల ఎత్తు. రెండు పెద్ద రాళ్ళ నడుమ సన్నని రాతి పలకను ఎంత జాగ్రత్తగా ఇమిడ్చారంటే, అతుకు మీద గోరు పెట్టి జరిపినా ఎక్కడా దిగలేదు. ఒకదాని మీద మెట్ల ఆకారపు చెక్కడం సగం అరిగిపోయి కనిపిస్తుంది. చుట్టూ, గోడలోకి చేరవలసిన రాళ్ళు ఎక్కడివక్కడే పడి ఉన్నాయి.

పక్కనే నిలబడిన ఒక యాత్రికుడు, ఈ రాళ్ళను కరిగించి పోత పోశారని, మనుషుల వల్ల అయ్యే పని కాదని తన పిల్లలకు చెబుతున్నాడు. నాకు నిజంగా బాధ కలిగింది. ఇనుప ఉలి లేకుండా, బండి చక్రం లేకుండా ఇంత పని చేసినవాళ్ళ చేతుల్లోంచి ఆ పనిని కూడా లాగేసుకున్నట్టు అనిపించింది. జాన్-పియర్ ప్రోట్జెన్ అనే వాస్తుశిల్పి 1980లలో ఇంకాల రాతి గనులను పరిశీలించి, గట్టి గుండ్రాళ్ళతో కొడుతూ రాయిని చదును చేయవచ్చని స్వయంగా చేసి చూపించాడు. ఇంకాల రాజ్యంలో డబ్బు చలామణీ లేదు. ప్రజలు వంతులవారీగా వచ్చి రాజ్యానికి పని చేసేవారు, రాజ్యం వారికి తిండి పెట్టేది. ఎదురుగా పింకుయ్యూనా కొండ చరియ మీద, చల్లగాలి తగిలే చోట కట్టిన ధాన్యపు కొట్లు ఇక్కడి నుంచి స్పష్టంగా కనిపిస్తాయి.

ఈ గులాబీ రాయి దొరికే కాచికాతా గని ఉరుబాంబా నదికి అవతలి కొండ మీద ఉంది. అంటే ప్రతి రాయినీ కొండ దించి, నది దాటించి, మళ్ళీ ఈ గుట్ట ఎక్కించాలి. మధ్యాహ్నం వంతెన దాటి ఆ దారి పట్టాము. దారిలో వదిలేసిన బండలను ఇక్కడివారు "అలసిన రాళ్ళు" అంటారు. ఒకదాని పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి ఆనించాను. ఎండ తగిలిన వైపు బూడిద రంగు నాచు పట్టి గరుకుగా ఉంది. కింది అంచు మాత్రం అరచేతికి నునుపుగా తగిలింది. ఇలా ఈడ్చిన బండల మీద ఒకే దిక్కుకు సాగిన గీతలు ఉంటాయని చదివాను. ఇక్కడ కొన్ని గీతలు నా వేలికే అందాయి. ఎన్ని వందలమంది మోకులు పట్టుకుని లాగారో, ఏ రోజున ఆ మోకులను కింద పెట్టి వెళ్ళిపోయారో చెప్పే మాట ఈ బండ మీద లేదు. ఇంకాలు రాతకు బదులు దారాలకు ముడులు వేసి సమాచారం దాచుకునేవారు, వాటిని కీపు అంటారు. ఆ ముడులలో లెక్కలను పండితులు చదవగలిగారు గానీ, కథలు ఇంకా ముడి విప్పుకోలేదు. నాకు అసలైన మిస్టరీ ఇదే.

తిరిగి వచ్చేటప్పుడు నది ఒడ్డున ఉన్న మైదానం దగ్గర ఆగాము. 1537లో ఇంకాల రాజు మాంకో ఇంకా కాలువలను మళ్ళించి ఈ నేలను నీటితో ముంచి, స్పెయిన్ సేనాని ఎర్నాండో పిసారో గుర్రపు దళాన్ని వెనక్కి పంపింది ఇక్కడే. అదే ఏడాది మాంకో ఈ ఊరిని విడిచి విల్కాబాంబా అడవులకు తరలిపోయాడు. ఇప్పుడు అక్కడ మొక్కజొన్న చేలున్నాయి.

రేపు మాచూ పిచూకు రైలు. సామాను సర్దుతూ అక్క, "రైలెక్కే ముందు ఆ రాయి దగ్గరకు ఇంకొకసారి వెళ్ళొద్దామా?" అని అడిగింది. ఐదింటికి అలారం పెట్టాను.