లూజియాజుయ్‌లో ఇరుగుపొరుగు

షాంఘైలో హువాంగ్‌పు నదికి తూర్పు ఒడ్డున ఉన్న లూజియాజుయ్‌లో మూడు ఆకాశహర్మ్యాలు ఒకదాని పక్కన ఒకటి నిలబడి ఉంటాయి. వాటిలో 1999లో పూర్తయిన జిన్ మావ్ టవర్‌ను ఈసారికి పక్కన పెడుతున్నాను. నేను రాయదలచుకున్నది 2008లో తెరుచుకున్న 492 మీటర్ల వరల్డ్ ఫైనాన్షియల్ సెంటర్ గురించి, 2015లో పూర్తయిన 632 మీటర్ల షాంఘై టవర్ గురించి. రెండూ నిలిచింది ఒకే మెత్తని నేల మీద, రెండింటినీ తాకేది ఒకే తుపాను గాలి. అయినా ఆ గాలితో వేగిన తీరులో ఒకదానికీ మరొకదానికీ పొంతన లేదు. ఎత్తుల పోటీ ఎలాగూ తేలిపోయింది కనుక నాకు ఆసక్తి ఉన్నది ఈ తేడా మీదనే.

ఇంత ఎత్తైన కట్టడానికి గాలి నెట్టడం కన్నా ఊపడం పెద్ద చిక్కు. భవనాన్ని ఒరుసుకుంటూ పోయే గాలి వెనుక వైపున ఒకసారి కుడి అంచు నుంచి, మరొకసారి ఎడమ అంచు నుంచి సుడులుగా విడిపోతుంది. ప్రతి సుడీ భవనాన్ని కొద్దిగా తన వైపు లాగుతుంది. ఆ లాగుడు లయ, భవనం తనంతట తాను ఊగే లయతో కలిసిందంటే, ఉయ్యాలను సరిగ్గా అదను చూసి తోసినట్లే. అడుగు నుంచి కొన దాకా ఒకే కొలతలో ఉండే పెట్టెలాంటి భవనానికి ఈ బెడద ఎక్కువ. రూపం అంతస్తు అంతస్తుకూ మారుతూ పోతే సుడుల లయ చెదిరిపోతుంది.

వరల్డ్ ఫైనాన్షియల్ సెంటర్‌లో ఆ మార్పు కళ్లకు కట్టినట్లు కనిపిస్తుంది. కోన్ పెడర్సన్ ఫాక్స్ సంస్థ రూపకల్పన చేసిన ఈ భవనం నేల దగ్గర చదరంగా మొదలవుతుంది. ఎదురెదురు మూలలను వంపుగా చెక్కుకుంటూ పోగా కొనకు వచ్చేసరికి ఉలి అంచులా సన్నబడుతుంది. ఆ అంచులో ఉన్న పెద్ద కన్నం గాలి ఒత్తిడిని కొంత తగ్గిస్తుంది. మొదట దాన్ని గుండ్రంగా గీశారు. కట్టిస్తున్నది జపాన్‌కు చెందిన మోరీ సంస్థ కావడంతో అది ఆ దేశపు జెండాలోని సూర్యుడిలా ఉందని అభ్యంతరాలు వచ్చాయి, కన్నం నాలుగు పలకలుగా మారింది. అప్పటి నుంచి సీసా మూత తీసే పరికరం అన్న పేరు దానికి స్థిరపడిపోయింది. ఆ వెక్కిరింపుతో నాకు పేచీ లేదు కానీ, వృత్తం కన్నా ఈ ఆకారమే ఆ పదునైన కొనకు నప్పిందని నా అభిప్రాయం.

ఈ భవనం కట్టడం వెనుక ఉన్న కథ నాకు ఇంకా నచ్చింది. 1997లో పని మొదలై, పునాదిగా భూమిలోకి దించే పొడవాటి స్తంభాలైన పైల్స్ దిగగొట్టాక ఆసియా ఆర్థిక సంక్షోభం వచ్చిపడి నిర్మాణం ఆగిపోయింది. మళ్లీ చేపట్టేనాటికి 460 మీటర్ల భవనం 492 మీటర్లకు పెరిగింది, భూమిలోని పైల్స్ మాత్రం పాత బరువుకు తగినవే. నిర్మాణ ఇంజనీరు లెస్లీ రాబర్ట్‌సన్ బృందం బయటి చట్రాన్ని భారీ స్తంభాలతో, ఏటవాలు దూలాలతో బిగించి, గాలిని తట్టుకునే పనిలో ఎక్కువ వాటాను దానికి అప్పగించింది. దాంతో నడిమి కాంక్రీటు గోడలను పలచన చేసి, మొత్తం బరువును 10 శాతానికి పైగా తగ్గించగలిగింది. భవనం పెరిగింది, బరువు తరిగింది.

షాంఘై టవర్‌కు అలాంటి పాత బాకీ ఏదీ లేదు. జెన్స్‌లర్ సంస్థ తొమ్మిది గుండ్రని అరలను ఒకదానిపై ఒకటి పేర్చి, వాటి చుట్టూ మరో గాజు తొడుగు వేసింది. ఈ తొడుగు గుండ్రని మూలలున్న త్రికోణంలా ఉండి, పైకి పోయేకొద్దీ సన్నబడుతూ దాదాపు 120 డిగ్రీలు మెలి తిరుగుతుంది. ఒక మూల వెంట గాడి ఒకటి పొడవునా పాకుతుంది. గాలిని కావాలని వీచేలా చేసే సొరంగమైన విండ్ టన్నెల్‌లో నమూనాలను పరీక్షించినప్పుడు ఈ మెలిక వల్ల గాలి భారం 24 శాతం తగ్గుతుందని తేలింది. మిగిలిన ఊపును అణచడానికి 125వ అంతస్తులో 1,000 టన్నుల లోలకం వేలాడుతోంది. అయస్కాంతాలు, రాగి పలక ఒకదానికెదురుగా మరొకటి కదిలినప్పుడు పుట్టే విద్యుత్తే దానికి బ్రేకు. సెకనుకు 20.5 మీటర్ల లిఫ్టు గురించి అందరూ రాసేశారు కనుక వదిలేస్తున్నాను.

అయితే రెండు గాజు తొడుగుల నడుమ తోటలకు, ఖాళీకి పోయిన చోటు తక్కువేమీ కాదు. అద్దె లెక్క చూసుకునే యజమానికి అది నష్టం, లోపల పనిచేసే మనిషికి మాత్రం గొప్ప వెసులుబాటు. లోపలి బతుకు వరకైతే నేను షాంఘై టవర్ పక్షమే.

బయటి రూపానికి వస్తే నా మాట వేరు. దూరం నుంచి ఆ మెలిక గాజు మెరుపులో కలిసిపోతుంది, పొరుగు భవనం కొన మాత్రం మబ్బు పట్టిన రోజున కూడా గీత గీసినట్లు కనిపిస్తుంది. షాంఘై టవర్‌లోకి వెళ్లి 118వ అంతస్తులో నిలబడితే ఊరంతా కాళ్ల కింద ఉంటుంది కానీ, ఎక్కిన భవనం ఎలా తిరిగిందో తెలియదు. ఆ మెలిక నాకు స్పష్టంగా తెలిసింది వరల్డ్ ఫైనాన్షియల్ సెంటర్ 94వ అంతస్తు కిటికీ దగ్గర. ఎదురుగా అంత దగ్గరలో, గాజు మీద ఆ గాడి ఏటవాలుగా పైకి పాకి నా చూపు దాటి మలుపు తిరిగింది. నేను మెడ వంచి కిటికీకి చెంప ఆనించి చూశాను.