ఊరు మారినా నిలబడిన కథ, మారి పడిపోయిన కథ

మాది కర్నూలు. 2003 సంక్రాంతికి 'ఒక్కడు' వచ్చినప్పుడు నేను ఎనిమిదో తరగతి. తెర మీద కొండారెడ్డి బురుజు కనిపించగానే హాలంతా లేచి అరిచిన అరుపు నాకింకా గుర్తే, ఎందుకంటే రోజూ బజారుకు పోతూ పక్కనుంచి దాటిపోయే బురుజు అది, దాని ముందు మహేష్ బాబు ప్రకాష్ రాజ్ మీద చెయ్యి చేసుకుంటుంటే మా వీధిలోనే గొడవ జరుగుతున్నట్టు అనిపించింది.

అందుకే చెన్నైలో ఉండే మా బావ దాని తమిళ రీమేక్ 'గిల్లీ' గురించి చెబుతూ "మీ ఒక్కడు కంటే గిల్లీనే బాగుంటుంది" అన్నప్పుడు నాకు నిజంగా కోపమొచ్చింది. బురుజు లేకుండా ఆ సినిమా ఏంటి? ఏళ్ల తరబడి చూడనేలేదు. 2024లో గిల్లీని మళ్లీ థియేటర్లలో వేసినప్పుడు బావే పట్టుబట్టి తీసుకెళ్లాడు.

కథ అదే. విలన్ కూడా ప్రకాష్ రాజే. కానీ కర్నూలు బదులు మదురై, చార్మినార్ బదులు చెన్నై లైట్‌హౌస్. ఓబుల్ రెడ్డి ముత్తుపాండి అయ్యాడు, అయితే మారింది పేరొక్కటే కాదు, ముద్దుగా 'చెల్లం' అంటూనే భయపెట్టే వేరే మనిషిని కొత్తగా తయారుచేశారు. అప్పటికి ఇరవై ఏళ్ల పాత సినిమా, అయినా చుట్టూ ఉన్న జనం ఒక్కరూ కూర్చోలేదు. మదురై వాళ్లకు తెర మీద తమ ఊరు మా బురుజు లాంటిదే అని అప్పుడు అర్థమైంది. నాకు ఇప్పటికీ ఒక్కడే ఇష్టం, కానీ గిల్లీ తక్కువని మాత్రం ఇక అనను. ఇదే కథను 2015లో హిందీలో ఆగ్రా, మథురలకు మార్చి 'తేవర్' అని తీశారు. మనోజ్ బాజ్‌పాయ్ అంత మంచి నటుడున్నా నాకు ఆ వేడి తగల్లేదు.

సీక్వెల్స్‌లో నాకు నచ్చింది 'దృశ్యం 2'. మొదటి భాగంలో, ఇంట్లో జరిగిన హత్యను దాచి కుటుంబాన్ని కాపాడుకునే రాంబాబు వైపు నిలబడిన ఊరే రెండో భాగంలో అతని వెనక గుసగుసలాడుతుంది. మొదటిదాంట్లో వచ్చిన షాక్ మళ్లీ రాదు, అది కుదరని పని కూడా. కానీ ఏళ్లు గడిచినా ఆ ఇంట్లో పోని భయం ఉంది చూడండి, దాన్ని నేను పూర్తిగా నమ్మాను.

ఇక 'మర్యాద రామన్న'. 2010లో వచ్చిన ఈ సినిమా మూలం 1923 నాటి బస్టర్ కీటన్ మూకీ 'అవర్ హాస్పిటాలిటీ'. ఆ అమెరికా కథ మన సీమలోకి ఎంత బాగా ఇమిడిందంటే, గడప లోపల ఉన్నంతసేపు పగవాడికైనా అన్నం పెట్టి, దాటితే నరికే ఆ ఇంటిని చూసి మా అవ్వ "ఇంటికొచ్చినోణ్ని ఎట్ల కొడతార్రా, మన దగ్గర అంతే కదా" అంది. అది ఎక్కణ్నుంచో వచ్చిన కథని ఆమెకు తట్టనే లేదు. అందులో ఆ ఇంట్లో చిక్కుకున్న హీరో సునీల్ నడకలోనే భయం ఉంటుంది, కథంతా ఆ భయం మీదే నడుస్తుంది.

అదే 2012లో 'సన్ ఆఫ్ సర్దార్'గా పంజాబ్‌కు పోయింది. ఒకరోజు టీవీలో వస్తే అవ్వతో కలిసి చూశాను, కర్నూలు బజారులో పెరిగిన మనిషి కాబట్టి ఆమెకు హిందీ బాగానే తెలుసు. అజయ్ దేవ్‌గణ్ అంతమందిని అలవోకగా ఎత్తి పడేస్తుంటే కాసేపు చూసి నా వైపు తిరిగి అడిగింది: "ఇంతమందిని కొట్టేటోడు ఆ ఇంట్లోంచి బయటికి పోయేదానికి భయపడేది ఎందుకురా?"