జ్వాలా నరసింహుడి దాకా: మా అహోబిలం ప్రయాణం

అహోబిలం మాకు దూరమేమీ కాదు. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ, అక్కణ్ణుంచి అహోబిలం, అంతా కలిపి 70 కిలోమీటర్లకు అటూ ఇటూ. అయినా మా స్టాఫ్‌రూములో ఎవర్ని అడిగినా దిగువ అహోబిలం చూసి వెనక్కి వచ్చామనేవాళ్లే. కొండ మీద గుహలో ఉన్న స్వామిని చూసినవాళ్లు కొందరు. అక్కణ్ణుంచి ఇంకా పైకి, అడవిలో ఉన్న జ్వాలా నరసింహుడి దాకా పోయినవాళ్లు మరీ తక్కువ. "అమ్మో, ఆ నడక మన వల్ల కాదు" దగ్గరే మాట ఆగిపోయేది.

పోయిన డిసెంబరులో మేం నలుగురు టీచర్లం, అందరం ఆడవాళ్లమే, పొద్దున పోయి రాత్రికి ఇంటికొచ్చేలా వెళ్లొచ్చాం. మాలో తెలుగు మేడమ్ అందరికన్నా పెద్ద. రిటైర్మెంటు దగ్గర పడింది, మోకాళ్ల నొప్పులు. సోషల్ మేడమ్ అందరికన్నా చిన్న, ఉద్యోగంలో కొత్తగా చేరింది. డబ్బు లెక్క, టైము లెక్క రెండూ లెక్కల మేడమ్‌వే. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు, పరుగెత్తాలనుకునేవాళ్లు ఒకే గుంపులో ఉంటే ఈ కొండ ఎక్కడం ఎలాగో తెలుసుకోవాలని చాలామంది అడిగారు. అందుకే రాస్తున్నాను.

వెళ్లాలన్న పట్టు తెలుగు మేడమ్‌ది. సర్వీసంతా పిల్లలకు ప్రహ్లాదుడి పద్యాలు చెప్పిన మనిషి. "స్తంభం చీలిన చోటు మన జిల్లాలోనే ఉందని పిల్లలకు చెప్తుంటాను, నేను మాత్రం చూడలేదు. రిటైరయ్యేలోపు చూడాలి" అంది. దానికి ఇక ఎవరం అడ్డు చెప్పలేదు.

మొదటి వాదన ఎన్ని గుళ్లు చూడాలన్న దాని మీద వచ్చింది. అహోబిలంలో నరసింహస్వామి తొమ్మిది రూపాల్లో తొమ్మిది చోట్ల ఉన్నాడు: జ్వాల, అహోబిల, మాలోల, క్రోడ, కారంజ, భార్గవ, యోగానంద, ఛత్రవట, పావన. తొమ్మిదీ ఒక్క రోజులో చూసేద్దామని సోషల్ మేడమ్. చూసేవాళ్లు ఉన్నారు, కాదనను. కానీ అలా పరుగులు పెడితే ఎక్కడా నిలబడి దండం పెట్టుకోవడానికి కూడా తీరిక ఉండదు. ఎగువ అహోబిలం గుహాలయం, అక్కణ్ణుంచి నడకదారిలో వచ్చే క్రోడ, జ్వాల, తిరిగి వచ్చేటప్పుడు మాలోల. ఈ నాలుగూ చాలనుకున్నాం. కారంజ, ఛత్రవట, యోగానంద గుళ్లకు పెద్దగా ఎక్కే పని లేదు, పొద్దు ఉంటే అవి. పావన, భార్గవ ఈసారికి వద్దు. మొదటిసారి పోయేవాళ్లకు నేనైతే ఇదే చెప్తాను.

రోజు చూసుకోవడం కూడా ముఖ్యం. స్వాతి స్వామివారి జన్మ నక్షత్రం కాబట్టి ఆ రోజు అభిషేకాలు, జనం ఎక్కువ. తెలుగు మేడమ్ పంచాంగం తీసి స్వాతి లేని రోజే పెట్టింది. వానాకాలంలో అక్కడి ఏరు భవనాశిని పొంగుతుంది, బండలు జారుతాయి. ఎండాకాలంలో ఏరు ఎండిపోతుంది, బండలు కాలుతాయి. డిసెంబరులో ఏట్లో నీళ్లు ఉంటాయి, ఎండ చంపదు.

తెల్లవారుజామునే బస్సెక్కాం. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్టే కాబట్టి లెక్కల మేడమ్ పర్సు తీసే పని పడలేదు. ఆళ్లగడ్డలో దిగి వేడివేడి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. కొండ ఎక్కేముందు బజ్జీలెందుకని నేను కొంచెం సణిగాను గానీ, ఉగ్గాని పక్కన బజ్జీ వద్దని రాయలసీమలో ఎవరికి చెప్పగలం? మధ్యాహ్నానికి చిత్రాన్నం, పెరుగన్నం ఇంటి నుంచే కట్టుకొచ్చుకున్నాం. గుడి దాటాక దారిలో భోజనం దొరుకుతుందన్న నమ్మకం పెట్టుకోవద్దు.

దిగువ అహోబిలం నుంచి ఎగువకు 8 కిలోమీటర్లు, ఆటోలో పోయాం. రోడ్డు నల్లమల లోపలికి మలుపులు తిరుగుతూ పోతుంది. నాలుగు మలుపులు దాటేసరికే గాలి చల్లబడింది.

ఎగువ అహోబిలం గుడి ముందే చూసేయండి. మధ్యాహ్నం తలుపులు మూస్తారు, పైకి పోయి వచ్చి చూద్దామంటే బయట కూర్చోవాల్సి వస్తుంది. గోపురం దాటి లోపలికి పోతుంటే మామూలు గుడి లాగానే ఉంటుంది. గర్భగుడి దగ్గరికి వచ్చేసరికి తల మీద కప్పు లేదు, కొండే ఉంది. చెక్కి నున్నగా చేసిన రాయి కాదు, ఎగుడుదిగుడుగా, నూనె దీపాల పొగకు నల్లబడిన కొండరాయి. ఆ గుహలో ఉగ్రనరసింహుడు స్వయంభువు, హిరణ్యకశిపుణ్ణి ఒడిలో వేసుకుని చీలుస్తూ ఉంటాడు. ఎదురుగా చేతులు జోడించి ప్రహ్లాదుడు. పూజారిగారు హారతి కాస్త పైకెత్తి పట్టుకున్నారు. ఆ వెలుతురు రాతి మీద పడి స్వామి ముఖం, కొండ వేరువేరుగా కనిపించలేదు. తెలుగు మేడమ్ కళ్లు తుడుచుకుంటూ బయటికొచ్చింది.

ఆ గుళ్లోనే చెంచులక్ష్మి సన్నిధి ఉంది. ఈ అడవి చెంచులకు స్వామి అల్లుడు. సంక్రాంతి మర్నాడు కనుమ నుంచి పారువేట పేరుతో ఉత్సవ విగ్రహాలు పల్లకీలో బయలుదేరి చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరుగుతాయి. ఫాల్గుణంలో జరిగే తన పెళ్లికి స్వామి స్వయంగా వచ్చి పిలుస్తున్నాడని జనం నమ్మకం. మా అమ్మమ్మవాళ్ల ఊరికి పల్లకీ వచ్చినప్పుడు ఇంటిల్లిపాదీ ఎదురుపోవడం నాకు గుర్తు. మనూరికి వచ్చి పెళ్లికి పిలిచిపోయిన స్వామి ఇంటికి ఇన్నాళ్లకు వచ్చాం కదా అనిపించింది.

గుడి బయట కర్రలు ఇస్తారు. తీసుకోండి. నడవడానికే కాదు, కోతులకు కూడా. చేతిలో కర్ర ఉన్నవాళ్ల సంచీ జోలికి అవి రావు.

అక్కడే డోలీ సంగతి వచ్చింది. జ్వాలా నరసింహుడి గుడి ఇక్కడికి సుమారు 4 కిలోమీటర్లు. కొంతదూరం మెట్లు, కొంతదూరం బండరాళ్లు. మోకాళ్లతో తెలుగు మేడమ్ పోయిరాలేదని మాకు తెలుసు, ఆమెకూ తెలుసు. కానీ డోలీ అనగానే ఒప్పుకోలేదు.

"నన్ను మనుషులు మోయడమేంది? వాళ్లవి మాత్రం కాళ్లు కావా? నేనిక్కడే గుళ్లో కూర్చుంటా, మీరు పోయి రండి."

మేం ముగ్గురం బతిమాలినా కుదరలేదు. డోలీ మోసేవాళ్లలో ఒక పెద్దాయన మా దగ్గరికి వచ్చి నిలబడి ఈ మాటలు విన్నాడు. "అమ్మా, ఈ దావలో రోజూ పోయేటోళ్లం మేము. మీరు కూసుంటేనే మాకు కూలి. మీరు వద్దంటే బరువు తగ్గదు, ఇంట్లో పొయ్యి ఆగుతాది" అన్నాడు. తెలుగు మేడమ్ ఒక్క నిమిషం ఏమీ అనలేదు. తర్వాత, "ఎక్కడ మీకు ఆయాసమొస్తే అక్కడ దించాలి. దిగి నడవగలిగిన చోట నడుస్తాను. కూలి మాత్రం పూర్తిగా తీసుకోవాలి" అంది. ఆయన సరేనన్నాడు. లెక్కల మేడమ్ రానూపోనూ ఎంతో, మాలోలకు కూడా కలిపో కాదో అక్కడే తేల్చింది. ఈ మాట ముందే అనుకోవడం మంచిది. దారి మధ్యలో బేరం మోసేవాళ్లకూ ఇబ్బందే, ఎక్కినవాళ్లకూ ఇబ్బందే.

వెదురు బొంగుకు కట్టిన చిన్న పీట, దాని మీద దుప్పటి మడత. అంతే డోలీ అంటే. ముందూ వెనకా బొంగు భుజాన వేసుకుని వాళ్లు ఒకే అడుగుగా లేచారు. మెట్ల దగ్గర ముందువాడు చెయ్యి కిందికి దించి, వెనకవాడు భుజం ఎత్తి, పీట వంగకుండా చూశారు. మేడమ్ మొదట రెండు చేతులతో బొంగును గట్టిగా పట్టుకుంది. కాసేపటికి ఒక చెయ్యి వదిలి చెట్లు చూపించడం మొదలుపెట్టింది. ఏరు పక్కన చదునుగా ఉన్న చోట్ల మాట ప్రకారం దిగి నడిచింది కూడా.

భవనాశిని వెంబడే దారి. ముందు వచ్చేది క్రోడ నరసింహుడు, వరాహ నరసింహుడని కూడా అంటారు. భూదేవిని ఎత్తుకొచ్చిన వరాహమూర్తి ఇక్కడ కొలువున్నాడు. చిన్న గుడి. అక్కణ్ణుంచే అసలు ఎక్కుడు మొదలవుతుంది. సోషల్ మేడమ్ ముందుకు పరుగు, నేను వెనక. నడకలో ఒక్క పద్ధతి పెట్టుకున్నాం: ముందుపోయినవాళ్లు ప్రతి మలుపులో ఆగాలి, చివరివాళ్లు కనపడ్డాకే కదలాలి. ఫోను సిగ్నల్ ఉండదు కాబట్టి ఈ పద్ధతి బాగా పనికొచ్చింది.

ఒక చోట దారి చీలుతుంది. ఒకటి జ్వాలకు, ఇంకొకటి ఉగ్రస్తంభానికి. కొండ కొమ్ము నిలువునా చీలి నిలబడిన బండే ఉగ్రస్తంభం, స్వామి వెలువడిన స్తంభం అదేనంటారు. పైకి పోవాలని సోషల్ మేడమ్‌కు ఒకటే ఆశ. డోలీ పెద్దాయన ఎండ వైపు చూసి, "ఇప్పుడు పోతే దిగేసరికి పొద్దు వాలుతుందమ్మా, పొద్దున్నే వచ్చి పోవాల్సింది అది" అన్నాడు. ఆ అమ్మాయి ముఖం చిన్నబోయింది. అయినా ఆయన మాటే విన్నాం. చివర్లో బండలు పట్టుకుని ఎక్కాల్సిన దారి, తోడు లేకుండా, టైము చూసుకోకుండా పోయే చోటు కాదు. తెలుగు మేడమ్ మాత్రం కింద నుంచే ఆ స్తంభాన్ని చాలాసేపు చూసింది.

జ్వాల దగ్గరికి వచ్చేసరికి దారి సన్నబడింది. ఒక పక్క కొండ గోడ, ఇంకో పక్క లోయ, మధ్యలో పట్టుకోవడానికి ఇనుప కమ్మీలు. అక్కడ డోలీ దింపించి తెలుగు మేడమ్ నడిచే వచ్చింది, ఒక చెయ్యి కమ్మీ మీద, ఒక చెయ్యి నా భుజం మీద. పైనుంచి భవనాశిని నీళ్లు సన్నగా పడుతున్నాయి. తప్పించుకుని పోయే వీలు లేదు, అందరం తడిశాం. వానాకాలంలో ఇక్కడ జలపాతం కిందనుంచే నడవాలట.

కొండ ముందుకు వంగిన చోట, ఆ చరియ కిందే జ్వాలా నరసింహుడి గుడి. ఎనిమిది చేతుల స్వామి. హిరణ్యకశిపుణ్ణి చంపింది ఇక్కడేనని, ఆ కోపమే జ్వాలగా నిలిచిందని స్థలపురాణం. పక్కన చిన్న నీటి గుంట రక్తకుండం, స్వామి చేతులు కడుక్కున్న చోటు. తెలుగు మేడమ్ స్వామి ముందు నిలబడి, తరగతిలో చెప్పినట్టే గొంతెత్తి ప్రహ్లాదుడి పద్యం చదివింది. మాకంటే ముందు వచ్చిన కడప కుటుంబం ఒకటి అక్కడ ఉంది. వాళ్లల్లో ఆరేడు చదివే పిల్లవాడు రెండో పాదం నుంచి గొంతు కలిపాడు. పద్యం అయ్యాక మేడమ్ వాణ్ణి దగ్గరికి తీసుకుని ఏ బడి, ఏ తరగతి అని అడుగుతూనే ఉంది.

వైష్ణవ భక్తకవి తిరుమంగై ఆళ్వారు ఈ క్షేత్రాన్ని పాడుతూ దేవతలకు తప్ప ఎవరికీ చేరరాని చోటన్నాడు. మెట్లు, కమ్మీలు లేని రోజుల్లో ఈ చరియ ఎలా ఉండేదో ఊహించుకుంటే ఆ మాట అక్షరాలా నిజమనిపిస్తుంది.

దిగేటప్పుడు మోకాళ్లకు ఎక్కేటప్పటికన్నా ఎక్కువ పని. కర్ర ముందు ఆనించి, తర్వాతే కాలు పెట్టాలి. ఏటి ఒడ్డున ఆగి చిత్రాన్నం తిన్నాం. డోలీ మోసేవాళ్లకూ పెట్టాం. అక్కడ నన్ను బాధపెట్టినది ఒకటుంది. ఆ నీళ్లలో, రాళ్ల సందుల్లో చిప్సు కవర్లు, నీళ్ల సీసాలు. స్వామి చేతులు కడుక్కున్న ఏరని దండం పెట్టి, తాగిన సీసా అందులోనే పారేసి ఎలా పోతారు? సోషల్ మేడమ్ పైకి ఎక్కలేదన్న దిగులంతా మరచి, ఖాళీ అయిన అన్నం సంచీ నిండా చెత్త ఏరింది. మేమూ ఏరాం. పోయేవాళ్లు ఒక ఖాళీ సంచీ వెంట పెట్టుకోండి.

మాలోల నరసింహుడు లక్ష్మీదేవితో శాంతంగా ఉంటాడు. అహోబిల మఠం మొదటి జీయరు, అంటే మఠాధిపతి, ఆదివణ్ శఠగోప స్వామికి ఇక్కడి ఉత్సవమూర్తే దక్కింది. అప్పటినుంచి జీయర్లు ఎక్కడికి పోయినా ఆ మూర్తిని వెంట తీసుకుపోతారు. దగ్గర్లో ప్రహ్లాద బడి. బడి అంటే బండ కింద చిన్న గుహ. నలుగురు టీచర్లం కాబట్టి అక్కడ కాస్త ఎక్కువసేపే కూర్చున్నాం. గురువులు ఇంటి పనుల మీద పోయినప్పుడు తోటి పిల్లలు ఆటకు పిలిస్తే, ప్రహ్లాదుడే వాళ్లందర్నీ చుట్టూ కూర్చోబెట్టుకుని హరి గురించి చెప్పిన ఘట్టం తెలుగు మేడమ్ చెప్పింది. డోలీ పెద్దాయన గుహ బయట బొంగుకు ఆనుకుని కథంతా విన్నాడు.

ఎగువ గుడి దగ్గర ఆయనకు కూలి ఇస్తూ లెక్కల మేడమ్ అనుకున్నదానికి పైన కొంత కలిపింది. ఇంకా పొద్దుంది. ఆటోవాడు కారంజ దగ్గర ఆపాడు. చేతిలో విల్లు పట్టుకుని రాముడిలా ఉన్న నరసింహుడాయన. ఛత్రవట, యోగానందులకు టైము చాలలేదు. దిగువ అహోబిలంలో స్తంభాల చెక్కడాలు మాత్రం తొందర తొందరగా చూసి, ఆళ్లగడ్డ బస్సు అందుకున్నాం.

ఉగ్రస్తంభం బాకీ ఉంది. దానికి ముందురోజు రాత్రే దిగువ అహోబిలంలో పడుకుని, తెల్లవారకముందే బయలుదేరాలని సోషల్ మేడమ్ బస్సులోనే ప్లాన్ వేసింది. కిందే ఉండి ఛత్రవట, యోగానంద నేను చూసుకుంటా, మీరు పైకి పోండని తెలుగు మేడమ్ ఒప్పుకుంది. పావనకు జీపు ఎంతవుతుందో లెక్కల మేడమ్ కనుక్కుంటోంది.