ఒక వైపు స్కాను, రెండు వైపుల బిల్లు: నా అనుభవం

నిన్న హన్మకొండలో మామోగ్రామ్, అంటే రొమ్ములో క్యాన్సర్ గడ్డలేమైనా ఉన్నాయా అని చూసే ఎక్స్‌రే, చేయించుకుని వచ్చాను. ఇది 2021 జులై. కోపం చల్లారకముందే రాస్తున్నాను.

2017లో నాకు ఎడమ రొమ్ము తీసేశారు. అప్పటి నుంచి ఏటా ఏప్రిల్‌లో కుడి వైపు మామోగ్రామ్ తీయించాలి. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్. హైదరాబాద్ పోదామంటే కాజీపేటలో ప్యాసింజర్ రైలే లేదు. డాక్టరుగారే ఫోన్లో "ఇప్పుడు రాకండమ్మా, గడ్డలాంటిది చేతికి తగిలితే మాత్రం ఆగొద్దు" అన్నారు. అక్కడితో ఆ ఏడాది పోయింది. సంక్రాంతి తర్వాత చూద్దామనుకుంటే సెకండ్ వేవ్ వచ్చింది. ఈసారి, 2021 మే 12 నుంచి, తెలంగాణలో మళ్ళీ లాక్‌డౌన్.

జూన్‌లో అది ఎత్తేశాక స్కాన్‌కు పోతానంటే ఇంట్లో అందరూ అడ్డమే. మావారు "మంచిగనే ఉన్నవ్ గదా, ఏరికోరి రోగుల మధ్యకు ఎందుకు?" అన్నారు. పరకాల వదిన ఇంకో అడుగు ముందుకేసింది. ఒక సీటీ స్కాన్ 300–400 ఛాతీ ఎక్స్‌రేలతో సమానమని ఢిల్లీ ఎయిమ్స్ డైరెక్టర్‌గా ఉన్న రణదీప్ గులేరియా మే నెలలో అన్నారు కదా, అది టీవీలో చూసినప్పటి నుంచి ఆమె ఏ స్కానూ వద్దంటోంది. ఆయన చెప్పింది కోవిడ్ లక్షణాలు స్వల్పంగా ఉన్నా సీటీకి పరిగెత్తేవాళ్ళ గురించి. ఈమె చేయించుకోవాల్సింది థైరాయిడ్ గడ్డకు అల్ట్రాసౌండ్. అందులో ఎక్స్‌రే కిరణమే ఉండదు. చెబితే వినదు. నన్నడిగితే ఇలాంటివాళ్ళలో సగం మందికి భయం వైరస్ అంటే కాదు, స్కాన్‌లో ఏం బయటపడుతుందోనని. కరోనా వాళ్ళకు మంచి వంక.

డాక్టరుగారు మాత్రం టీకా రెండో డోసు పడకముందే స్కాన్ చేయించుకోమన్నారు. కోవిడ్ టీకా తర్వాత కొందరికి టీకా వేసిన చేతి వైపు చంకలో గ్రంథులు వాస్తాయి, అవి స్కాన్‌లో కనిపిస్తే క్యాన్సరేమోనని లేనిపోని టెన్షన్. నా మొదటి డోసు ఏప్రిల్‌లోనే అయింది, ఇంకా రెండోది పడలేదు. ఇదే సరైన సమయం.

సెంటర్ గుమ్మం దగ్గర జ్వరం చూశారు, శానిటైజర్ పోశారు, టోకెన్ ఇచ్చారు. అంతవరకు ఏ ఇబ్బందీ లేదు.

కౌంటర్‌కు పైనుంచి కిందికి ప్లాస్టిక్ షీటు వేలాడదీశారు. వెనక ఒక కుర్రాడు. అతనికీ నాకూ రెండేసి మాస్కులు.

"ఏం స్కాన్ మేడమ్?"

"మామోగ్రామ్."

"వినబడ్తలేదు, గట్టిగ చెప్పండి."

గట్టిగా చెప్పాను. రెండు వైపులకూ బిల్లు కొట్టాడు. నాకు కుడి వైపు ఒక్కటే అన్నాను. కంప్యూటర్‌లో రెండు వైపులదే ఉందన్నాడు. చీటీ చూడమని షీటు కింద నుంచి తోస్తే ముట్టుకోలేదు, దూరం నుంచి చూపించమన్నాడు. చూపించాను.

"మరి రెండోది ఎందుకొద్దు మేడమ్?"

"తీసేశారు బాబూ."

"ఏం తీసేసిన్రు?"

నేను జవాబు వెతుక్కునేలోపే లోపలి గది వైపు తిరిగి కేకేశాడు. "అన్నా, ఈ మేడమ్‌కు ఒకటే ఉందంట. సగం బిల్లు కొట్టాల్నా?"

హాల్లో అంతా హెచ్ఆర్‌సీటీకి (కోవిడ్‌కు ఊపిరితిత్తులు చూసే సీటీ స్కాన్) వచ్చినవాళ్ళు, వాళ్ళ తోడు వచ్చినవాళ్ళు. దూరం పాటించాలని కుర్చీ విడిచి కుర్చీకి టేపు అంటించారు గానీ ఆ మాట అన్ని కుర్చీలకూ సమానంగా చేరింది. ఒకాయన తల తిప్పి నా చీర కొంగు వైపే చూశాడు. నా వెనక నిలబడ్డ ఒకామె చేతిలోని ఫైలు సంచిలో పెట్టుకుని బయటికి వెళ్ళిపోయింది. దేనికి వచ్చిందో నాకు తెలీదు. ఆమె మళ్ళీ రాకపోతే ఆ లెక్క కూడా కరోనా ఖాతాలోనే రాస్తారు.

జిల్లా పరిషత్ స్కూళ్ళలో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పిన గొంతు నాది. మాస్కులున్నా పనిచేసింది. "అవును, ఒకటే ఉంది. ఒకదానికే డబ్బులిస్తా. రెండోదానికి కూడా తీసుకుంటే దాని రిపోర్టు కూడా ఇయ్యాలె" అన్నాను. ఎవరో నవ్వారు. లోపలి నుంచి మేనేజరు పరిగెత్తుకొచ్చాడు. "సిస్టమ్‌లో ఒక వైపు లేదు మేడమ్, మీకు డిస్కౌంట్ వేస్తాం" అన్నాడు. వేశాడు కూడా. బిల్లు మీద "డిస్కౌంట్" అని ఉంది, వాళ్ళేదో నా మీద దయ చూపినట్టు! పక్క గోడ మీద హెచ్ఆర్‌సీటీ 1,995 రూపాయలు అని కాగితం అంటించారు, పోయిన నెల, జూన్‌లో, ప్రభుత్వం ఆ ధర కట్టడి చేసింది కాబట్టి. మాలాంటివాళ్ళ స్కాన్ గురించి ఏ గోడ మీదా ఏమీ లేదు.

ఆ పిల్లవాడి మీద నాకు పెద్దగా కోపం లేదు. వాడికి నేర్పినవాళ్ళు లేరు. షీటు కొనడానికి డబ్బు పెట్టిన యజమాని ఒక చిన్న స్లిప్పు అచ్చు వేయించలేడా? ఏ స్కాన్, ఏ వైపు, ఎప్పుడు ఆపరేషన్ అయింది, అన్నీ రాసిచ్చేవాళ్ళం కదా. కోవిడ్‌కు ముందు ఇదే కౌంటర్‌లో ఒకావిడ కుర్చీ దగ్గరికి జరుపుకుని మెల్లగా అడిగేది.

లోపల స్కాన్ తీసిన అమ్మాయి బంగారం. "టీకా ఏ చేతికి వేయించుకున్నరమ్మా?" అని తనే అడిగి రాసుకుంది. ఆపరేషన్ అయిన వైపు చేతికి వేయించుకోవద్దని డాక్టరుగారు ముందే చెప్పారు కాబట్టి నేను కుడి చేతికే వేయించుకున్నాను. రెండు పలకల మధ్య నొక్కినప్పుడు కాస్త నొప్పి, అది ఎప్పుడూ ఉండేదే.

పోయేవాళ్ళు పాత ఫిల్ములు తప్పకుండా తీసుకెళ్ళండి. నా 2019 ఫిల్ము పక్కన పెట్టుకునే కొత్తది చూశారు. ఆ రోజు చంకలో పౌడరు, సెంటు వేసుకోవద్దు, ఫిల్ములో చుక్కలుగా పడతాయి. బిల్లు ఒక వైపుదేనని ముందే ఫోన్లో ఒప్పించుకోండి, అవతలివాళ్ళ పేరు రాసి పెట్టుకోండి.

ఈ పొద్దున వాట్సాప్‌లో రిపోర్టు వచ్చింది. డాక్టరుగారు చూసి, భయపడాల్సిందేమీ లేదు, వచ్చే ఏడాది మళ్ళీ చేయించుకోమన్నారు. సాయంత్రం వదినకు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. కడుపుబ్బ నవ్వింది. కౌంటర్ దగ్గర నేను మాట్లాడతానంటే తన అల్ట్రాసౌండ్‌కు వచ్చే వారం వస్తానంది. సెంటర్ మాత్రం వేరేది.